మల్లేశం పంక్చర్లు

1989 మార్చి. షోలాపూర్ దాజీ పేట్‌లో నేను సైకిల్ దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. అన్నేళ్లలో నా ప్రాణం తోడేసిన గిరాకీ ఒక్కడే, మల్లేశం. పవర్‌లూమ్ మీద నేసేవాడు. కార్ఖానా పక్క సందులోనే కాబట్టి నడిచే పోయేవాడు. సైకిల్ రోజంతా ఇంటి ముందే ఉండేది. అయినా నెలకు మూడు పంక్చర్లు.

"నిలబెట్టిన సైకిల్‌కు పంక్చర్ ఎట్లయితదిరా?" అని అడిగితే, "నాకేమెరుక అన్నా, నీ ప్యాచులే కచ్చా ఉన్నయేమో" అనేవాడు. నా ప్యాచులను కచ్చా అన్నవాడు పేట మొత్తంలో వాడొక్కడే.

విసిగిపోయి నేనే ఒక రేకు డబ్బా తయారుచేసి వాడి సీటు కింద కట్టాను. అందులో సొల్యూషన్, అంటే రబ్బరు అతికించే జిగురు, నాలుగు ప్యాచులు, గరుకు కాగితం, టైరు ఊడదీసే లీవర్లు, చిన్న పానా. వారం తిరగకముందే పానా మగ్గం దగ్గరికి పోయింది. తర్వాత సొల్యూషన్ వాళ్లావిడ చెప్పుకు పోయింది. అడిగితే, "యాడికి పోయిందన్నా, ఇంట్లనే ఉంది గద" అన్నాడు. ఇట్లాంటివాడితో ఎవరు మాట్లాడగలరు?

ఆ రోజు పదో తరగతి లెక్కల పరీక్ష. మల్లేశం కూతురు సుజాత ఆ ఇంట్లో అంతదాకా చదివిన మొదటి మనిషి. పరీక్ష తప్పితే చదువు మాన్పించి తల్లి పక్కన బీడీల చాట ముందు కూర్చోబెడతానని వాడు ముందే తేల్చేశాడు. నేను సైకిల్ మీద అశోక్ చౌక్ వైపు పోతుంటే, తండ్రీ కూతురూ రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ల సైకిల్ వెనక చక్రంలో గాలి చుక్క లేదు.

"డబ్బా తీయిరా."

తీశాడు. లోపల బీడీలు కట్టే దారపు ఉండ, ఒక కత్తెర ఉన్నాయి.

"మా ఇంటిది పెట్టుకున్నట్టుంది. డబ్బా మస్తుంది గదన్నా."

ఒళ్లు మండిపోయింది. నా సైకిల్ గోడకు ఆనించి, పనిముట్ల సంచి విప్పి, వాణ్ని తిడుతూనే టైరు ఊడదీశాను. చిల్లు దొరికింది. గరుకు కాగితంతో రుద్దాను. సొల్యూషన్ ట్యూబు నొక్కితే ఏమీ రాలేదు. మూత సరిగ్గా బిగించకపోతే అది ఎండి గట్టిపడుతుంది. బిగించనిది నేనే.

"నీది గూడ గట్లనేనా?" అన్నాడు మల్లేశం.

చిల్లు దగ్గర ట్యూబు మడిచి బీడీల దారంతో కడదామన్నాను. ఆ దారం ఆగదన్నాడు వాడు. నేసేవాడివి నీకంటే ఎవరికి తెలుసు, నువ్వే కట్టమన్నాను. ముడి దగ్గర ఇద్దరం పోట్లాటకు దిగాం.

"కాకా, ఇంక పావుగంటల గేటు బంద్ చేస్తరు" అంది సుజాత.

"ఆగమ్మా, అయిపోయింది."

"నీ సైకిల్ మంచిగనే ఉంది గద, కాకా?"

తల ఎత్తి చూశాను. గోడకు ఆనించిన నా సైకిల్ రెండు చక్రాలలోనూ గాలి నిండుగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. నేను లేచేలోపే ఆ పిల్ల పరీక్ష అట్టను క్యారియర్‌కు బిగించి, సీటు ముందున్న డండా మీంచి కాలేసి ఎక్కేసింది.

"నీకు సైకిల్ ఎప్పుడొచ్చిందే?" అన్నాడు మల్లేశం.

"నువ్వు మగ్గం కాడికి పోయినంక రోజు నడుపుత బాపూ. ఆ పంక్చర్లన్నీ నావే."

వెనక్కి తిరగకుండానే చెప్పి చౌక్ దాటిపోయింది. మల్లేశం చేతిలోని దారం డబ్బాలో పడేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "అయితే నీ ప్యాచులు పక్కానే అన్నా" అన్నాడు.

పదకొండేళ్లుగా రోడ్డు మీద ఎవరు ఆపినా నా కన్ను ముందు చక్రం మీదికే పోయేది. ఆ మనిషి ఎక్కడికి పోవాలో, ఎంత సమయం ఉందో అడిగిన పాపాన పోలేదు. ఆ తర్వాత సంచి విప్పేముందు "యాడికి పోవాలె?" అని అడగడం అలవాటు చేసుకున్నాను.

మధ్యాహ్నం సుజాత నా సైకిల్ నడిపించుకుంటూ దుకాణానికి వచ్చింది. ముందు చక్రం పంక్చర్. నోటిదాకా వచ్చిన తిట్టును మింగాను.

"పేపర్ ఎట్లుంది బిడ్డా?"

"అన్ని లెక్కలు చేసిన కాకా" అంది.