నా ఖాతా, ఆయన ఓటీపీ

బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చని మన దేశంలో చట్టం మార్చినారంట. గల్ఫ్‌లో, ఈ అబూ హలీఫాలో, నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ ఇంట్లో గిన్నెలు తోమి నింపుకున్న ఖాతా నాది. దానికి నామినీ మా ఆయనొక్కడే. ఈ పొద్దు ఫోన్లో మా పాప పేరు కూడా ఎక్కించబోతే, ఓటీపీ కడపలో ఉండే ఆయన ఫోన్‌కి పోయింది. ఖాతా తెరిచిన రోజు తన నంబరే ఇచ్చినాడు.

ఓటీపీ చెప్పమని ఆయనకు ఫోన్ చేసినా.

"నేను బతికే ఉండాను గదా, పాప పేరెందుకు?" అన్నాడు.

"నామినీ నువ్వు పోతే కాదు, నేను పోతే" అన్నా.

"ఓటీపీ ఎవురికీ చెప్పగూడదని బ్యాంకోళ్లే చెప్పినారు" అని పెట్టేసినాడు.

చట్టం మారిందంట, సంతోషం. నా ఖాతాకి నేనే దొంగనైనా. అక్కలారా, మీ ఖాతాల్లో ఎవరి నంబరుందో చూసి చెప్పండి.