అక్క కండ్లు పెట్టిన లక్ష్మి

మొన్న సూర్యాపేటలో ఒక చిత్రాల ప్రదర్శనకు వెళ్లాను. హాలు గోడల నిండా ఆడపిల్లలు వేసిన బొమ్మలే, చూడముచ్చటగా ఉన్నాయి, ఆ మాట కాదనను. కానీ వేదిక మీద ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, మన ప్రాంతంలో ఆడవాళ్లు కుంచె పట్టడం ఇప్పుడిప్పుడే మొదలైందని చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను. కూర్చో తాతా అన్నారు పక్కవాళ్లు. కూర్చోవడమైతే కూర్చున్నాను గానీ, ఊరుకోవడం నాకు చేతగాదు గనుక, అక్కడ చెప్పనివ్వని మాట ఇక్కడ రాస్తున్నాను. మా అక్క గురించి.

మాది చివ్వెంల దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. నేను బడికి పోయింది తక్కువ. సూర్యాపేట దుకాణాల బోర్డులు చూసి చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, చివరికి ఆ బోర్డులు రాసే పనే నాకు అన్నం పెట్టింది. అక్కకు ఆ మాత్రం అక్షరాలు కూడా రావు. అయితేనేం, పండుగకు గోడకు ఎర్రమన్ను పూసి, దాని మీద సున్నంతో ఆమె ఒక నెమలిని దించిందంటే బండి తోలుకుపోయేవాళ్లు ఎడ్లను ఆపి చూసేవాళ్లు. నాతో పాటు రంగుల పనికి వస్తానన్నప్పుడు ఇంట్లో పెద్ద రభస జరిగింది, బావ ఒక్కడే నవ్వి సరేనన్నాడు. అంగట్లో కొన్న కుంచెలు ఆమె చేతికి నచ్చలేదు. మేక తోక వెంట్రుకలు కత్తిరించి, వెదురుపుల్లకు దారంతో బిగించి, తన కుంచెలు తానే కట్టుకునేది.

“జర ఒక్క మేకకన్న తోక బొచ్చు ఉంచే, సంతల అందరు నవ్వుతున్నరు,” అని బావ మొత్తుకునేవాడు.

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు షావుకారు, లోపలి గోడ నిండా లక్ష్మీదేవిని వేయమని కబురు పెట్టాడు. పిలిచింది నన్ను, వేయగలిగింది అక్క. రంగులు కలపడం, పరంజా కట్టడం, అడుగున మిల్లు పేరు రాయడం నా వంతు. ఆమె కొంగు బొడ్లో దోపుకుని, ముందు గీతైనా గీసుకోకుండా, నేరుగా రంగుతోనే పాదాల దగ్గర మొదలుపెట్టి పైపైకి పోయింది. అదెలా సాధ్యమో నాకిప్పటికీ అంతుపట్టదు. గీత లేకుండా అంత ఎత్తు బొమ్మ కొలత తప్పకుండా ఎలా నిలబడింది? ఆ చీర కుచ్చిళ్లలోకి గాలి ఎక్కడినుంచి వచ్చింది? హమాలీలు బస్తా వీపున ఉండగానే ఆగి, మెడలు ఎత్తి చూసేవాళ్లు.

మా పనిలో ఒక ఆచారముంది. దేవతల బొమ్మలకు కళ్లు అన్నిటికన్నా చివరన పెడతారు. అంతా అయ్యాక బొమ్మకు అడ్డంగా చీర కట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి చూపు పడేందుకు ఎదురుగా అద్దం పట్టుకుంటే, అప్పుడు కనుపాపలు దిద్దుతారు. అప్పటిదాకా అది రంగు, ఆ తర్వాత దేవత. కళ్లు ఎవరు పెడితే బొమ్మ వాళ్లదేనని లెక్క.

సరిగ్గా కాయ కొట్టే వేళకు షావుకారు అడ్డం వచ్చాడు.

“కండ్లు నీ తమ్ముడు పెడ్తడు. ఆడమనిషి పెట్టొద్దంటరు, మైల. నువ్వు దిగమ్మా.”

అక్క పరంజా మీంచే అడిగింది. “కాళ్లు నేను పెట్టిన, చేతులు నేను పెట్టిన. గప్పుడు లేని మైల కండ్లకాడికి ఎట్లొచ్చింది సేటూ?”

ఆయన కుంచె తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను కింద పెట్టేశాను. అది ధైర్యమని చెప్పుకోను, ఆ ముఖం మీద చేయి వేసేంత విద్య నాకు లేదు, అంతే. అక్క దిగివచ్చి, కుంచెలు కిరోసిన్‌లో కడిగి, గుడ్డలో చుట్టుకుని సూర్యాపేట బస్సెక్కింది. వెనకే నేనూ ఎక్కాను. వేలి సందుల్లో రంగును దారి పొడవునా గోటితో గీక్కుంది. ఆఖరికి, “వేరేటోళ్లు కండ్లు పెడ్తె ఆమె నన్ను గుర్తువట్టది తమ్మీ,” అంది.

షావుకారు కోదాడ నుంచి ఒక పేరున్న చిత్రకారుణ్ణి పిలిపించాడు. ఆయన వచ్చి, గోడ ముందు నిలబడి చూసి, “ఇంత కళ ఉన్న ముఖాన్ని చెడగొట్టిన పాపం నాకెందుకండీ, ఆవిణ్ణే రమ్మనండి,” అని టీ తాగి వెళ్లిపోయాడట. ఈలోగా కోతలు మొదలై త్రిపురారం వైపు నుంచి వడ్ల లోడ్లు వచ్చి మిల్లు ముందు బారులు తీరాయి. హమాలీలు కాంటా దగ్గరికి రామన్నారు.

“కండ్లు లేని తల్లి ముంగట తూకమెట్ల పెడ్తం సేటూ? ఆమె సూడకపోతే కాంటా ఎటు మొగ్గుతదో మాకెర్కలేదా!” అని వాళ్లలో పెద్దవాడు బస్తా మీద కూర్చుని బీడీ ముట్టించాడట.

షావుకారు జీపు వేసుకుని మా ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే నాతో బేరం మొదలుపెట్టబోయాడు. గొర్రెల దొడ్లోంచి అక్క కేకేసింది.

“బొమ్మేసింది నేను. గీడికొచ్చి మాట్లాడు. ఇగ మీదట పనైనా మాటైనా నాతోనే.”

ఆయన తెల్లపంచె పైకెత్తుకుని, గొర్రెపెంట తొక్కుకుంటూ దొడ్లోకి నడిచాడు.

మళ్లీ మిల్లుకు పోయినప్పుడు అద్దం పట్టింది నేనే. చీర వెనుక అక్కా, నేనూ, ఆ గోడా. ఆమె మేకబొచ్చు కుంచెల్లో అన్నిటికన్నా సన్నదాన్ని తీసి, ఊపిరి బిగబట్టి ఒక చుక్క పెట్టింది. తర్వాత ఇంకొకటి. పక్కనుంచి నేను అద్దంలోకి చూశాను, చూడవచ్చో లేదో తెలియదు, చూశాను. అన్నాళ్లూ రంగులు అందిస్తూ అలవాటైన ముఖమే, ఎక్కడినుంచో ఇప్పుడే వచ్చి నువ్వెవరివని అడిగినట్టు చూసింది. చీర దించగానే హమాలీలు తలగుడ్డలు తీశారు. షావుకారు చేతులు జోడించాడు, దేవతకో అక్కకో చెప్పలేను, ఇద్దరూ ఒకే వైపు ఉన్నారు.

అటుపైన కోదాడ నుంచీ తిరుమలగిరి నుంచీ మనుషులు కండ్లు పెట్టే అక్క ఇల్లెక్కడని అడుగుతూ వచ్చేవాళ్లు. పని ఒప్పుకునేది ఆమె, పరంజా కట్టేది నేను.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దేవతలు ఫ్లెక్సీల మీద తెరిచిన కళ్లతోనే మిషన్లోంచి దిగుతున్నారు, వాటి రంగులకు వంక పెట్టేంత మూర్ఖుణ్ణి కాను. కానీ కళ్లు పెట్టడానికి ముందుండే ఆ కాసేపు ఇక ఎక్కడా లేదు. ఆ కాసేపూ షావుకారూ, హమాలీలూ, కాయ పట్టుకున్నవాడూ, అద్దం పట్టుకున్న నేనూ, అందరం నోళ్లు మూసుకుని, గొర్రెల దొడ్లోంచి వచ్చిన ఒక ఆడమనిషి చేయి ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూసేవాళ్లం.