భాలూ తిన్న కాకరకాయ

ఒక్క బొమ్మల పుస్తకంతో పన్నెండు మంది పిల్లల చేత ఒకేసారి కూరలు మాన్పించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. పైగా నేను వెళ్ళింది వాళ్ళ చేత కూరలు తినిపించడానికి.

నాది విజయనగరం. ఉర్లాలో ఫ్యాక్టరీ ఉద్యోగానికని రాయపూర్ వచ్చి, ఇక్కడి రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన సుజాతను పెళ్ళి చేసుకున్నాను. సుజాత ఆఫీసు నయా రాయపూర్లో. ఆమె బస్సు దిగి ఇల్లు చేరేసరికి చీకటి పడిపోతుంది కాబట్టి, మా నాలుగేళ్ళ మిన్నుకి సాయంత్రం అన్నం పెట్టే పని నాది. చెప్పడానికి ఎంత తేలికగా ఉందో చూశారా! ఫ్యాక్టరీలో రోజంతా కొలిమి పక్కన నిలబడమన్నా నిలబడతాను కానీ ఆ అరగంట మాత్రం పగవాడికి కూడా వద్దు.

మిన్ను తెల్లనివి మాత్రమే తినేది. పెరుగన్నం, పాలు, ఇడ్లీ, అంతే. పెరుగన్నంలో ఆవగింజ కనిపిస్తే, కంసాలి నగలోంచి రాయి ఊడదీసినంత శ్రద్ధగా తీసి పక్కన పెట్టేది.

"ఏటి నాన్నా ఇది? హరా ఉంది. నాకొద్దు."

"పచ్చగా ఉంటే ఏమయిందే? బెండకాయ, తల్లీ."

"హరా వద్దు. పీలా కూడా వద్దు."

పప్పు పసుపుపచ్చగా ఉంటుంది కాబట్టి అదీ పోయింది. డాక్టరు చూసి, ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, కూరలు తినిపించి తీరాలన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిజంగానే భయం పట్టుకుంది.

ఆ భయంలోనే, రోడ్డు పక్కన పుస్తకాలు పరుచుకున్నాయన దగ్గర ఒక హిందీ బొమ్మల పుస్తకం కొన్నాను. అందులో ఒక ఎలుగుబంటి పిల్ల బల్ల ముందు కూర్చుని ఉంటుంది. తల్లి పేజీకో కూర తెచ్చి ముందు పెడుతుంది. ప్రతి పేజీలోనూ పిల్ల ఇంత నోరు తెరుచుకుని ఉంటుంది. కాకరకాయ పేజీలో అయితే కొండనాలుక కూడా కనిపిస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

"నీకు హిందీ చదవడం వచ్చా?" అని మీరు అడుగుతారని నాకు తెలుసు. బళ్ళో హిందీ పరీక్షకి, ప్రశ్నలనే జవాబుల కాగితం మీద అందంగా తిరగరాసి గట్టెక్కినవాణ్ణి. రాయపూర్లో ఆరేళ్ళున్నా నేను చదవగలిగే హిందీ బస్సు బోర్డులతో సరి. అయితే బొమ్మలున్నాయి కదా, అక్షరాలెందుకు?

"ఇదిగో మిన్నూ, భాలూ ఎంత నోరు తెరిచాడో చూడు! కాకరకాయ కావాలి, ఇంకా కావాలి అంటున్నాడు."

"నిజంగానా?"

"ఇక్కడ రాసుంది కదే!"

మిన్ను నోరు తెరిచింది. నేను ముద్ద పెట్టేశాను. నమలడమే కాదు, మింగింది కూడా! చివరి పేజీలో పెద్ద ఎలుగుబంటి కంచం పట్టుకుని బల్ల కిందకి వంగి ఉంటే, "వాళ్ళ నాన్న చెంచా పడిపోతే తీసుకుంటున్నాడు" అని కథ ముగించాను.

ఒక్కటే చిక్కు. "నువ్వూ తిను నాన్నా" అనేది. మనలో మాట, నాకు కాకరకాయ అంటే చచ్చేంత అసహ్యం. ఒక ముక్క నోట్లో వేసుకుని, నీళ్ళు తాగే వంకతో బాల్కనీలోకి వెళ్ళి కరివేపాకు కుండీలో ఉమ్మేసి వచ్చేవాణ్ణి.

నెల తిరిగేసరికి సుజాత ఆశ్చర్యపోయింది.

"ఏటండీ, ఏ మంత్రం వేసీసారు?"

"పుస్తకం చదివి వినిపిస్తున్నా. హిందీ పుస్తకం."

"హిందీయా? మీరా?"

"ఏం, నేను చదవలేనా?" అని పుస్తకాన్ని బీరువా మీదకి ఎక్కించేశాను. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు.

మిన్ను డబ్బాలో కాకరకాయ చూసి బళ్ళో టీచరు ఆరా తీసిందట. "పాపాజీ, ఆప్ కమాల్ హైఁ!" అని మెచ్చుకుంటూ ఫోన్ చేసింది. క్లాసులో పన్నెండు మందీ ఇదే బాపతు, శనివారం వచ్చి ఆ పుస్తకం అందరికీ చదవాలట. వాళ్ళ అమ్మలు కూడా వస్తారట. వద్దని చెప్పొచ్చు కదా! పొగిడితే నాకు వద్దనే మాట నోటికి రాదు.

శనివారం సెలవు కావడంతో సుజాత వచ్చి ముందు వరసలో కూర్చుంది. పిల్లలందరి ముందూ కూరల డబ్బాలు మూతలు తీసి సిద్ధంగా ఉన్నాయి. నేను గొంతు సవరించుకున్నాను.

"భాలూ నే బోలా, కరేలా బహుత్ అచ్ఛా హై! ఔర్ దో, మా!" కాకరకాయ ఎంతో బావుంది, ఇంకా పెట్టమ్మా అన్నాడట భాలూ.

పన్నెండు చేతులు డబ్బాల్లోకి వెళ్ళాయి. సరిగ్గా అప్పుడే, మనవణ్ణి తీసుకొచ్చిన ఒక ముసలమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని నా భుజం మీంచి తొంగి చూసింది.

"ఏ బాబూ, ఏమా తో అయిసన్ నఇ లిఖే హే!"

అందులో అలా రాసి లేదంటోంది. నేను గబగబా పేజీ తిప్పబోయాను. ఆవిడ పుస్తకం లాక్కుని, వేలు పెట్టి, అందరికీ వినిపించేలా చదివింది. "కరేలా? నహీఁ ఖావూంగా! భిండీ? నహీఁ ఖావూంగా!"

అంటే ఆ వెధవ ఎలుగుబంటి నోరు తెరిచింది తినడానికి కాదు, "తినను" అని అరవడానికి!

"నహీఁ ఖావూంగా!" అన్నాడు ఒక బుడతడు. తరవాత ఇద్దరు. తరవాత గదంతా. డబ్బాలన్నిటికీ టపటపా మూతలు పడిపోయాయి. అమ్మలందరూ నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. మిన్ను మాత్రం అరవలేదు. "అంటే భాలూ తిన్లేదా నాన్నా?" అని మెల్లగా అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అరవలేదని సంతోషించేలోపే, ఇంటిదారిలో టాటీబంధ్ కూడలి ట్రాఫిక్ జామ్‌లో స్కూటర్ మీద ముందు నిలబడి లారీవాళ్ళందరికీ వినపడేలా మొదలుపెట్టింది. "నహీఁ ఖావూంగా!"

ఇంటికొచ్చాక సుజాత పుస్తకం చివరి పేజీ తెరిచింది.

"ఇక్కడేటి రాసుందో తెలుసా? భాలూ వాళ్ళ నాన్నకి కూడా కాకరకాయ నచ్చదంట. ఎవరూ చూడకుండా బల్ల కింద పడేస్తన్నాడంట."

"మా నాన్న కుండీలో పడేస్తాడమ్మా," అంది మిన్ను.

సుజాత బాల్కనీలోకి వెళ్ళింది. తిరిగొచ్చి కాకరకాయలు తరగడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం నా ముందు కంచం, కంచం నిండా కాకరకాయ వేపుడు. ఎదురుగా మిన్ను, ఒళ్ళో పుస్తకం తలకిందులుగా.

"భాలూ వాళ్ళ నాన్న బుద్ధిగా మొత్తం తినీసాడు. నోరు తెరు నాన్నా. నువ్వు తింటే నేనూ తింటా."

"అందులో అలా లేదమ్మా..."

"నీకు హిందీ చదవడం రాదు కదా!"

నోరు తెరిచాను. నేను మింగేదాకా చూసి, అది కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఇప్పుడు రోజూ ఇదే వరస. అందుకే కాకరకాయ చేదు నాలుక మీద ఉండగా, కరివేపాకు కుండీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చదవడం రాని పుస్తకం ఈ జన్మలో ఎవరికీ చదివి వినిపించను.