ఏడు పోగుల దారం

అవునమ్మా, ఫొటోలో శాలువా కప్పుకొని ముఖం చిట్లించుకున్నావిడ మా అత్తగారే, మీ తాతకి అమ్మ. సన్మానం చేయించుకుంటూ అంత విసుక్కున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఎందుకో చెప్తాను వినండి.

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిన ఏడాది అది. మేమప్పుడు బెంగళూరు పక్కన కాడుగోడిలో ఉండేవాళ్లం. సన్మానించడానికి మా కాలనీ సంఘానికి ఒక స్వాతంత్ర్య సమరయోధురాలు కావలసి వచ్చింది. దొడ్డబళ్ళాపురం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన అత్తగారి తమ్ముడు, "మా అక్క ఉండాది కదప్పా!" అనేశారు.

పెద్ద యుద్ధం రోజుల్లో అత్తగారు పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీసే మిల్లులో పనిచేశారు. ఆ దారం తెల్లవాళ్ల సైన్యానికి పారాచూట్ల కోసం వెళ్లేది. ఏడు గూళ్ల పోగులు కలిపితే ఒక దారం. ఉద్యమంలో తిరిగే తమ్ముడు జైలుకెళ్లే ముందు వచ్చి, "ఐదే కలుపక్కా. పైకి తెలీదు, గాల్లో తెగుతాది" అని చెప్పి పోయారు. చిక్కేమిటంటే, మా మామగారు అదే సైన్యంలో సిపాయి. బర్మా అడవుల్లో వాళ్లకి తిండి మూటలు విమానాల నుంచి పారాచూట్లతోనే దిగేవి.

అక్క ఐదే కలిపిందని తమ్ముడు యాభై ఏళ్లుగా ఊరంతా చెప్పుకున్నారు. సభకు ముందురోజు మా వరండాలో బావా బామ్మర్దులు మళ్లీ మొదలుపెట్టారు.

"మీ అక్క దారం తెగింటే, నేను ఈడ కూచోని నీ సోది వింటా ఉంటానేమిరా?"

"నీకు దిగిన మూట వేరే మిల్లుది బావా!"

"అవునప్పా, మూట మింద మిల్లు పేరు రాసుండాది మరి!"

"ఇద్దురూ కాఫీ తాగి సుమ్నే నోరు మూసుకోని ఉండండప్పా" అన్నారు అత్తగారు. ములగాకు దూస్తున్న చేతులు మాత్రం ఆగిపోయాయి. మర్నాడు మైకు ముందు ఏదో ఒకటి చెప్పాలి. ఐదంటే, అడవిలో ఆకలితో ఉన్న మొగుడి తిండి తెగ్గొట్టినట్టు. ఏడంటే, ముసలి తమ్ముడు నలుగురిలో అబద్ధాలకోరు అయిపోతారు.

సభలో తమ్ముడే మైకు తెచ్చి అందించారు. ముందు వరుసలో మామగారు చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. అత్తగారు మైకుని అట్లకాడలా పట్టుకున్నారు.

"నేను దారం తీసినాను. చేతులు బొబ్బలెక్కినాయి. వీడు జైల్నించి వచ్చినాడు. మా ఇంటాయన యుద్ధంనించి వచ్చినాడు. ఇద్దురికీ వండి పెట్టినాను. ఇంకేమి కావల్ల మీకు?"

జనం నవ్వి చప్పట్లు కొట్టారు. ఇంటికొస్తుంటే ఆటోలో తమ్ముడు, "చూసినావా బావా, కాదనలేదు!" అన్నారు.

"అవునని కూడా అనలేదు కదరా!"

ఇద్దరూ తామే గెలిచామనుకుని ఆ పూట తలా నాలుగు దోసెలు ఎక్కువే తిన్నారు.

తర్వాత వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, కోడలికైనా చెప్తారేమోనని అడిగాను. "పప్పులో ఉప్పేసినావా?" అన్నారు. కొన్నేళ్లకు మామగారూ పోయారు, తమ్ముడూ పోయారు. ఇక నొచ్చుకునేవాళ్లు లేరు కదా అని మళ్లీ అడిగాను. ఈసారి ఉప్పు మాట కూడా ఎత్తలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, దారం పేనుతున్నట్టు ఒళ్లో మెల్లగా నలుపుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆ చలికాలంలోనే ఆమె కూడా వెళ్లిపోయారు.

ఈ ఫొటో చూసినప్పుడల్లా ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను: ఎన్ని కలిపినావత్తా, ఐదా, ఏడా?