కోళ్ళు తిన్న ఎండ

నాకు అక్షరాలు వచ్చేవి కావు కాబట్టి ఇన్నాళ్ళూ ఏదీ రాయలేదు. చిన్నప్పుడు మేకల వెంట తిరిగాను, పెళ్ళయ్యాక నాట్ల వెంట, మక్కచేన్ల వెంట. మనవరాలు పుట్టాక గానీ సాయంత్రం బడికి పోలేదు. ఇప్పుడు చెయ్యి ఆడుతోంది కాబట్టి ముందుగా నవ్వొచ్చే సంగతే రాస్తున్నాను.

మాది కొడిమ్యాల దగ్గర పల్లె. పోయిన ఎండాకాలం, వాతావరణం మారి రైతులకూ కూలీలకూ ఏం కష్టమొస్తోందో తెలుసుకోవడానికి జగిత్యాల నుంచి పరిశోధన చేసేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒక అమ్మాయి పంచాయతీ ముందు ముగ్గుపిండితో గళ్ళు గీసింది. ఒకటి కరువుకు, ఒకటి చెడగొట్టు వానకు, ఒకటి ఎండకు. ఎవరికి ఏది ఎక్కువ బాధో ఆ గడిలో మక్కజొన్న గింజలు పొయ్యమంది.

కూలి ఆడవాళ్ళం గుప్పిళ్ళన్నీ ఎండలోనే గుమ్మరించాం. తెల్లవారేసరికి పనిలోకి దిగి ఎండ ముదరకముందే ఇంటికి పోతామని మేం కూలికి పోయే చేన్ల ఆసామి, మా పటేలును ఎన్నిసార్లు బతిమాలినా వినలేదు. మా కుప్ప నలుగురి ముందు పెద్దదైతే ఇక తప్పించుకోలేడని ఆశ.

చాయ్ తాగి వచ్చేసరికి కోళ్ళు మీదపడి ఆ పెద్ద కుప్పంతా తినేశాయి.

పటేలు కడుపు పట్టుకుని నవ్వాడు. "అరే, ఎండ ఒడిసింది, అయిపాయె! ఇగ సల్లగుంటది, పనికి పోండ్రి!"

ఫొటో తీసుకోలేదని ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

"గింజలు పోతె పోనియ్ బిడ్డా," అన్నాను. "మేమున్నం గద, మేమే నిలబడ్తం!"

ఎండ గడిలోకి దూకాను. నా వెనక అందరూ దూకారు. చోటు చాలదు. ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకుంటూ, కొంగులు పట్టుకుని వేలాడుతూ నవ్వలేక చచ్చాం.

"ఓ వదినె, జెర జరుగు! వాన గడిల పడ్త!" అని ఒకామె అరిచింది.

అంతలో పటేలు భార్య కొంగు నడుముకు దోపుకుని మా మధ్యలోకి దూరింది.

"నువ్వెటు పోతున్నవే?" అన్నాడు పటేలు.

"నిరుడు ఎండదెబ్బకు మోటరు కాడ పడితివి. నెత్తిమీద నీళ్ళు పోసింది ఎవలు? కోళ్ళా?"

ఇక మా నవ్వు ఆగలేదు. పటేలు తల గోక్కున్నాడు. "సరే తియ్. రేపటి సంది తెల్లారకముందే, మబ్బుల్నే రాండ్రి. పొద్దెక్కంగనే పోండ్రి. కూలేం తక్కువ జెయ్య."

మర్నాడు వెలుగు రాకముందే అందరం అతని వాకిట్లో నిలబడి కేకలేశాం. "పటేలా, లే! మబ్బుల్నే రమ్మంటివి!"

"నిజంగనే అచ్చిండ్రా?" అన్నాడు ముసుగులోంచే.

మేం చేన్లోకి పోయి కంకులు విరిచాం. ఎండ ముదిరే వేళకు నేను ఇంటికొచ్చి, నీళ్ళు పోసుకుని, ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని పడుకున్నాను.