ముక్కు మావయ్యా, పారిపోయిన ఎలకా

కారెక్కినవాళ్లెవరైనా ముందు సీటు చూసుకుంటారు. మా మావయ్య మాత్రం ఏసీ గాలి వచ్చే జాలీ చూసుకుంటాడు. దానికి ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని, గుండెల నిండా ఒక్కసారి పీలుస్తాడు. ఆ వెంటనే తీర్పు. "బూజు!" "తడిసిన గోనెపట్టా!" "రెండేళ్లుగా ఫిల్టర్ మార్చలేదు!" మెల్లగా చెప్పడం ఆయనకి పుట్టుకతోనే రాలేదు. వీధి చివరిదాకా వినపడాల్సిందే.

ఒకసారి రోడ్డు దాటుతూ, సిగ్నల్ దగ్గర ఆగిన ఓ కారు అద్దం దించి ఉండటం చూసి తల లోపల పెట్టేశాడు. లోపలున్న ఆవిడ కెవ్వుమంది. "కంగారు పడకమ్మా! దిగే ముందు ఏసీ ఆపేసి ఐదు నిమిషాలు ఉత్త ఫ్యాన్ తిప్పు. లోపలి తడి ఆరిపోతుంది," అని చెబుతుండగానే పచ్చ లైటు పడింది. కారు కదిలింది. మావయ్య తల ఇంకా లోపలే ఉంది. పది అడుగులు కారుతో పాటు పరిగెత్తి, సలహా పూర్తిచేశాకే తల బయటికి తీశాడు.

కారులో సెంటు సీసా కనిపిస్తే ఆయనకి ఒళ్లు మండిపోతుంది. "స్నానం ఎగ్గొట్టి పౌడరు పూసుకోవడంరా ఇది!" అంటాడు.

మా నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. బావమరిది ముక్కంటే ఆయనకి మహా చులకన. ముప్పై ఏళ్లుగా ఒకటే వెక్కిరింత. "ఏమోయ్, ఆ ముక్కేదో లెక్కల పుస్తకంలో పెట్టుంటే పాసయ్యేవాడివి!"

అలాంటి ముక్కుతో మాకే అవసరం పడింది. మా అక్క తన కారులోనే ఆడవాళ్లకి డ్రైవింగ్ నేర్పుతుంది. రెండు వారాలుగా ఏసీ వేస్తే చాలు, భరించలేని కంపు. నేర్చుకునేవాళ్లలో ఇద్దరు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. మర్నాడు ఆరుగురితో కొత్త బ్యాచ్ మొదలవ్వాలి.

"వీళ్లూ పారిపోతే బోర్డు పీకేసుకోవడమే మావయ్యా," అంది అక్క ఫోన్లో ఏడుపు గొంతుతో.

"నేనుండగా బోర్డు పీకేదెవరే?" అంటూ మావయ్య టార్చీ, బ్రష్షు, స్క్రూడ్రైవరు పట్టుకుని అరగంటలో దిగిపోయాడు. డాష్‌బోర్డు సొరుగు ఊడదీసి, దాని వెనకున్న ఫిల్టర్ లాగి వాసన చూశాడు.

"ఫిల్టర్ నిర్దోషి! ముద్దాయి లోపలున్నాడు! ఒరేయ్ అల్లుడూ, టార్చీ పట్టు!"

"మొదలైంది కోర్టు," అన్నారు నాన్న వరండాలోంచి.

మావయ్య ఇంకో రెండు భాగాలు విప్పాడు. నేను లైటు వేశాను. ముందు అద్దం కింద బయటివైపు ఇంకో జాలీ ఉంటుందే, దానిలోంచి ఫిల్టర్ పక్కగా లోపలి చల్లటి గొట్టాల దాకా పసుపుపచ్చటి జిడ్డు చార ఒకటి కారి ఉంది. మావయ్య వేలితో తీసి వాసన చూశాడు. నేనూ చూశాను. చేప నూనె!

మా ఇంట్లో చేప నూనె తాగాల్సింది ఒక్కరే. నాన్న మోకాళ్లకి డాక్టరు రాసిన టానిక్ అది. రోజూ నాన్నని లైబ్రరీ దగ్గర దింపడానికి కారు బయటికి తీసి, మూత నిండా టానిక్ పోసి ముందు సీట్లో కూర్చున్న ఆయన చేతికిచ్చి, గేటు వెయ్యడానికి దిగుతుంది అక్క. తిరిగొచ్చేసరికి మూత ఖాళీ. "మా నాన్న మారాం చెయ్యరు, గటగటా తాగేస్తారు," అని ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది కూడా. కిటికీలోంచి చెయ్యి చాపితే ఆ జాలీ ఎంత దూరం?

నేను తలెత్తి వరండాలోకి చూశాను. నాన్న మొహం లెక్క తప్పిన పిల్లాడి మొహంలా ఉంది.

మావయ్య గుండెల నిండా గాలి పీల్చాడు. ముప్పై ఏళ్ల వెక్కిరింతలకి ఒక్క కేకతో జవాబు! నేను ఆగలేక నోరు తెరవబోయాను. ఆయన నా కాలు తొక్కి, వీధి దద్దరిల్లేలా అరిచాడు.

"ఎలక!"

"ఏదీ?" అక్క పరుగెత్తుకొచ్చింది.

"పారిపోయింది."

"చచ్చిన వాసన కదా మావయ్యా?"

"చచ్చే ముందు పారిపోయింది!"

"ఎలకలంతేనమ్మా," అన్నారు నాన్న నీరసంగా.

ఇక చూడాలి హడావిడి! గొట్టాల మీద నురగ మందు కొట్టడం, సబ్బునీళ్లతో బ్రష్షు పెట్టి తోమడం, కారు కింద పైపులోంచి మురికి కారిపోయిందో లేదో పడుకుని చూడటం. నాన్న మోకాళ్లు పట్టుకుంటూనే బకెట్లతో నీళ్లు మోశారు. మావయ్య ఆ మోకాళ్ల వైపు రెండుసార్లు చూశాడు. కొత్త ఫిల్టర్ వేసి, సాయంత్రం దాకా ఫ్యాన్ తిప్పి, చివరిసారి జాలీకి ముక్కు ఆనించాడు.

"గాలి!" అని కేక పెట్టాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పుదల లేదు.

మర్నాడు ఆరుగురిలో ఒక్కరూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టలేదు. అక్క ఆనందం పట్టలేక మావయ్యని గట్టిగా కౌగిలించుకుంది.

ఆ తర్వాత నుంచి మావయ్య రోజూ పొద్దున్నే మా ఇంటికి రావడం మొదలెట్టాడు. అక్క గేటు వెయ్యడానికి దిగగానే కారు కిటికీ దగ్గర నిలబడతాడు. ఒక రోజు చూద్దును కదా, ఆయన చేతిలోనూ ఓ టానిక్ మూత!

"నీ మోకాళ్లు బాగానే ఉన్నాయి కదోయ్, నువ్వెందుకు?" అంటున్నారు నాన్న.

"మీరొక్కరే అయితే తాగరు బావగారూ. ఊ, కానివ్వండి! ఒకటి, రెండు, మూడు!"

జన్మలో ఏ కంపుకీ ముక్కు మూసుకోని మా మావయ్య రెండు వేళ్లతో ముక్కు గట్టిగా బిగించి, గుటుక్కున మింగాడు. నాన్నకి ఇక తప్పలేదు.

"మావయ్యా, ముక్కు మూసుకున్నావేం?" గేటు దగ్గర్నుంచి అక్క కంగారుగా అరిచింది. "మళ్లీ వాసనొస్తోందా?"

"లేదే తల్లీ!" కళ్లల్లో నీళ్లు తుడుచుకుంటూ, వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు మావయ్య. "ఎలక మళ్లీ రాకుండా చూస్తున్నా!"