మొదటి గుక్క రొజ్లిన్‌ది

రొజ్లిన్‌కి చెప్పుకోదగ్గ ఆస్తిపాస్తులు లేవు. అందచందాలు అంతంతమాత్రం. తూర్ పట్నంలో ఒక బడి వంటింట్లో ముప్పై నాలుగేళ్లు పిల్లలకి బంగాళాదుంపలు ఉడకబెట్టి, వేళ్ల మీద కాలిన మచ్చలతో రిటైరైంది. వీధిలో వెళ్తుంటే ఆవిడ వైపు తిరిగి చూసినవాళ్లు లేరు. అయినా ల్వార్ నది గట్టున, తెల్లరాతి గుట్టలు తొలిచి ఆ గుహల్లో వైన్ దాచుకునే రైతుల్లో మాత్రం ఆవిడ పేరు తెలియనివాళ్లు తక్కువ. అందుకు కారణం ఆవిడ ముక్కు.

ఆ ముక్కు సంగతి ఆవిడకే నలభై రెండేళ్లు వచ్చేదాకా తెలియదు. ఒకే భవనంలో, ఒకే అంతస్తులో మూడు గుమ్మాలు ఆవిడదీ, అనిక్‌దీ, రెజిస్‌దీ. అనిక్ జుట్టు కత్తిరించే పని చేసేది. రెజిస్ నీళ్ల గొట్టాలు బాగుచేసేవాడు. ఒక శనివారం రెజిస్, తను గొట్టం బిగించిన రైతు ఒకాయన వైన్ రుచి చూడటానికి స్నేహితుల్ని తీసుకురమ్మంటే, ఈ ఇద్దరినీ వెంటబెట్టుకు వెళ్లాడు. అందరూ ఆహా ఓహో అంటున్న గ్లాసుని రొజ్లిన్ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది పోయిందండీ, బిరడా చెడిపోయింది. తడిసిన అట్టపెట్టె వాసన," అంది. రైతు మొహం ఎర్రబడింది. ఇంకోసారి వాసన చూశాడు. మాట్లాడకుండా సీసా తీసుకెళ్లి లోపల వెనిగర్ పీపాలో పోసి వచ్చాడు.

అప్పటినుంచి ఇరవై ఆరేళ్లపాటు నెలకోసారి, మొదటి శనివారం, ముగ్గురూ ఏదో ఒక వైన్ రైతు ఇంటికి బయల్దేరేవారు. వంతులవారీగా ఒకరు కారు నడపాలి, నడిపేవాళ్లు రుచి చూసి ఉమ్మెయ్యాలి. ఎవరి గుహలోకి వెళ్లినా ఒకటే పద్ధతి. సీసా తెరవగానే రెండు చుక్కలు రొజ్లిన్ గ్లాసులో పడేవి. ఆవిడ గ్లాసు తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో పుక్కిలించి, తలూపేది. అప్పుడే మిగతావాళ్ల గ్లాసులు నిండేవి. ఆవిడ తల అడ్డంగా తిప్పితే ఆ సీసా వంటింటికో వెనిగర్ పీపాకో పోయేది. ఆ మాటకి ఎదురు చెప్పిన రైతు లేడు.

ఎదురు చెప్పేవాడు రెజిస్ ఒక్కడే. రొజ్లిన్ ఏమన్నా సరే, వాడు ఒంటికాలి మీద లేచేవాడు.

"స్కూలు వంటింట్లో ఆపిల్ తొక్కలు కుప్పపోసిన రోజు గుర్తొస్తోంది. అడుగున కాస్త తేనె," అనేది ఆవిడ.

"తేనె ఎక్కడుందమ్మా తల్లీ ఇందులో? నా కంటికైతే కుళాయి నీళ్లే."

"కంటితో తాగితే అలాగే ఉంటుంది మరి. నీ బతుకంతా గొట్టాల్లోనే తెల్లారిందయ్యా, నీకు ఇంతకన్నా ఏం తెలుస్తుంది!"

"అనిక్, నువ్వు చెప్పవే. తేనె ఉందా?"

"నన్ను లాగకండి. నాకు బానే ఉంది, ఇంకొంచెం పోయించండి," అనేది అనిక్, మేక చీజ్ కోసుకుంటూ.

ఆ తగువు గుహలో మొదలై, మధ్యాహ్నం నది ఒడ్డున రొట్టె మీద పంది మాంసం ముద్ద పూసుకుని తినేటప్పుడు కూడా సాగి, కారెక్కాక చల్లారేది. ఎండాకాలంలో కూడా ఎముకలు కొరికే గుహ చలి, కోటు భుజాలకి అంటుకునే తెల్ల సుద్ద, ఒకరి గ్లాసులో ఒకరు మూతి పెట్టడం, పొట్ట చెక్కలయ్యే నవ్వులు. రొజ్లిన్ బతుకులో ఇంతకన్నా పెద్ద సుఖం లేదు. పెళ్లి రెండేళ్లలో విడిపోయింది, పిల్లలు లేరు. మొదటి శనివారం కోసం మిగతా నెలంతా ఎదురుచూసేది.

ఆ జనవరిలో జ్వరం వచ్చింది. పది రోజులు మంచాన పడి లేచి కాఫీ పెట్టుకుంది. గిన్నె మూత తీస్తే వాసన లేదు. డబ్బాలోని పొడిలో ముక్కు పెట్టింది. సబ్బు వాసన చూసింది, వెల్లుల్లి నలిపి చూసింది, ఆఖరికి బ్లీచ్ సీసా మూత తీసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ వాసన మాత్రం రాలేదు. డాక్టరు, "కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు," అన్నాడు. ఆయన చేతుల్లో మాత్రం ఏముంది పాపం.

రొజ్లిన్ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నన్నడిగితే చెప్పాల్సింది. కానీ ఆవిడ వైపునుంచి చూడండి. ఆ ముక్కు లేకపోతే ఆ గుహల్లో ఆవిడ ఎవరు? రిటైరైన వంటమనిషి. పాపం కదా అని వెంట తీసుకెళ్లే ముసలమ్మ. మొదట గ్లాసు వేరేవాళ్లకి వెళ్తుంది, తర్వాత కారులో ఆవిడకి చోటు ఇరుకవుతుంది, తర్వాత శనివారం సంగతి ఆవిడకి చెప్పడమే మర్చిపోతారు. అలా జరుగుతుందని ఆవిడ గట్టిగా నమ్మింది. ఆ భయంతోనే అబద్ధం మొదలుపెట్టింది.

ఉపాయాలు నేర్చుకుంది. రంగు చూసేది. ఏ సంవత్సరం కోత అని అడిగి, ఆ ఏడు వానలు ఎలా పడ్డాయో గుర్తు తెచ్చుకునేది. అన్నిటికన్నా రైతు మొహం చూసేది, ఎందుకంటే మంచి సీసా అని గర్వపడేవాడు మెల్లగా పోస్తాడు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ల జ్ఞాపకాల్లోంచి సరిపోయే మాటలు ఏరి చెప్పేది. నోట్లో చల్లదనం, పులుపు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఫిబ్రవరి గడిచింది, మార్చి గడిచింది, ఏప్రిల్, మే కూడా గడిచాయి. రైతులు తలూపారు, మెచ్చుకున్నారు. రెజిస్ ఎప్పటిలాగే తగువు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక ఆవిడ వంటింటి తొట్టి అంచు పట్టుకుని ఏడ్చేది.

జూన్‌లో గాస్తోన్ గారింటికి వెళ్లారు. ఎనభై ఏళ్ల మనిషి. మోకాళ్లు పనిచెయ్యక ద్రాక్షతోట అమ్మేశాడు, ఆయన గుహకి వెళ్లడం అదే ఆఖరు. లోపలికి వెళ్లి, బూజు పట్టి నల్లబడిన సీసా ఒకటి చంటిబిడ్డలా రెండు చేతులా పట్టుకొచ్చాడు.

"పంతొమ్మిదివందల తొంభై కోతదమ్మా. ఇదొక్కటే మిగిలింది. నువ్వొస్తావని ఉంచాను," అన్నాడు.

బిరడా తీసి రెండు చుక్కలు రొజ్లిన్ గ్లాసులో పోశాడు. ముదురు బంగారు రంగు. ఆ ఏడాది మంచి ఎండలు కాశాయని ఆవిడకి గుర్తే. ఆయన చెయ్యి కూడా మెల్లగా కదిలింది. ఆవిడ ధైర్యంగా గ్లాసు తిప్పింది, కళ్లు మూసుకుంది, గుక్క తీసుకుంది.

"తేనె పట్టు పిండినట్టుంది గాస్తోన్ గారూ. ఎండిన ఆప్రికాట్లు, పొగ. ఇంత మంచిది ఈ గట్టున తాగలేదు నేను," అంటూ తలూపింది.

ఆయన అందరికీ పోశాడు. అనిక్ ఒక గుక్క తాగి గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయింది. గాస్తోన్ గారు ఒక గుక్క తాగి గోడ వైపు తిరిగాడు. రెజిస్ తాగాడు. రొజ్లిన్ వాడి మాట కోసం ఎదురుచూసింది. తేనె ఎక్కడుందమ్మా అనాలి వాడు.

"అవునమ్మా రొజ్లిన్," అన్నాడు రెజిస్. "నువ్వన్నట్టే ఉంది."

ఇరవై ఆరేళ్లలో వాడు ఆవిడతో ఒక్కసారి కూడా అవునని అనలేదు. ఆవిడ బల్ల మీది బిరడా చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. ముగ్గురూ ఆవిడ వైపు చూడకుండా తాగుతున్నారు. గాస్తోన్ గారు తన గ్లాసు ఖాళీ చేసి, సీసాలో మిగిలింది కూడా వంచుకుని, ఆఖరి చుక్కదాకా తాగేశాడు. వెళ్లేటప్పుడు ఆవిడ రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి, "చల్లగా ఉండమ్మా," అన్నాడు.

ఆ రోజు కారు నడిపే వంతు అనిక్‌ది. వంతెన దాటారు.

"చెడిపోయింది కదూ?" అంది రొజ్లిన్.

"ఏది?" అన్నాడు రెజిస్.

"నాటకాలు చాలించవయ్యా. బిరడా చెడిందా లేదా?"

"చెడింది."

"ఎంత?"

"మురుగు కాలవే నయం."

అనిక్ కారు పక్కకి తీసి ఆపేసింది.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?" అంది రొజ్లిన్.

"ఈస్టర్ పండగ నాటినుంచే," అంది అనిక్. "మీ ఇంట్లో గొర్రెపిల్ల మాంసం పొయ్యిలో మాడి బొగ్గయ్యింది. నువ్వు దాని పక్కనే కూచుని మాకు కబుర్లు చెప్తున్నావ్. రెజిస్ పరిగెత్తి పొయ్యి ఆర్పాడు, గుర్తులేదూ?"

"అయితే ఏప్రిల్‌లో, మేలో మెచ్చుకున్న ఆ రైతులు?"

రెజిస్ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "ముందురోజు ఫోన్ చేసేవాణ్ణి. మంచి సీసాలే తియ్యండి, తను ఏం చెప్పినా అవుననండి అని. గాస్తోన్ గారికీ నేనే చెప్పా, పాతది తీస్తే రంగు చూసి ఎవరైనా చెప్పేస్తారని. ఉన్న ఒక్కటీ తీస్తాడని గానీ, బిరడా చెడి ఉంటుందని గానీ నాకేం తెలుసు?"

"ఈస్టర్ తర్వాత కూడా నాతో పోట్లాడావుగా."

"మానేస్తే నువ్వు కనిపెట్టేస్తావని."

"మరి ఇవాళెందుకు ఒప్పుకున్నావురా?"

"ఇవాళ కాదంటే నువ్వు మళ్లీ వాసన చూస్తావు. నా మీద పంతానికి మళ్లీ మళ్లీ చూస్తావు. ఆ కంపులో ముక్కు పెట్టి తేనె అంటావు. నేను చూడలేను రొజ్లిన్."

ఆవిడ గట్టిగా ఏడ్చింది. ఆ ముసలాయన ముప్పై ఏళ్లు దాచుకున్న సీసాని ఆయన చేతే మురుగులా తాగించింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. అంతమంది కూడబలుక్కుని తనని పసిపిల్లని ఆడించినట్టు ఆడించారని సిగ్గు, అది ప్రేమతోనే చేశారని ఇంకా పెద్ద సిగ్గు.

జూలై మొదటి శనివారం పొద్దున్నే ఆవిడ రెండు తలుపులూ తట్టింది. "పదండి. ఇకనుంచి కారు ఎప్పుడూ నేనే నడుపుతా. మీరిద్దరూ కడుపారా తాగండి," అంది. వాళ్లు వద్దన్నారు, ఆవిడ వినలేదు. రాత్రంతా ఆలోచించి ఆ చోటు వెతుక్కుంది. కారు నడిపే మనిషిని ఎవరూ మర్చిపోరు కదా.

ఊరి చివర ఒక కుర్ర రైతమ్మాయి వాకిట్లో కారు ఆపింది. "నేనిక్కడే ఉంటా, వెళ్లిరండి," అని సీటు వెనక్కి వాల్చింది. లోపలికి వెళ్తే గంటన్నరకి తక్కువ పట్టదని తెలిసి అల్లిక ఊలు తెచ్చుకుంది. మొదటి వరస పూర్తి కాకుండానే ఇద్దరూ తిరిగొచ్చేశారు.

"అప్పుడే?" అంది రొజ్లిన్.

అనిక్ వెనక సీట్లో కూలబడింది. "సీసా తెరిచింది ఆ పిల్ల. ముందు ఎవరికి పొయ్యాలీ అని అడిగింది. రెజిస్ నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను."

"ఊఁ?"

"గ్లాసు పట్టలేకపోయాం. ఆ పిల్ల పాపం సీసా పట్టుకుని అలాగే నిలబడింది. ఒంట్లో బాలేదని చెప్పి వచ్చేశాం."

"బుద్ధి లేదూ మీకు? నోళ్లు లేవూ? వెళ్లండి, మళ్లీ వెళ్లండి లోపలికి!" రొజ్లిన్ అరిచింది. రెజిస్ సీటు బెల్టు పెట్టుకున్నాడు.

ఆర్నెల్లుగా ఆవిడ భయపడింది తను లేకుండా వాళ్లు వెళ్లిపోతారని. తను లేకపోతే వాళ్లు వెళ్లలేరన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు. కారు తిప్పి ఇంటిదారి పట్టించింది.

ఆగస్టు మొదటి శనివారం ముగ్గురూ ఎవరింట్లో వాళ్లు తయారై కూర్చున్నారు. మొదటి గుక్క ఎవరిదో తేలక, ఎవరూ ఎవరి తలుపూ తట్టలేదు.